గడ్డి మిషను ఇంజను – నాలుగు చక్రాల బండి

ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతంలో పామాయిలు, కొబ్బరి, కోకో తోటలున్న పల్లెలకు వెళ్ళినవారు గడ్డి కోసే మిషనును చూచే ఉంటారు. భుజానికి తగిలించుకొని, పొడవాటి గొట్టం చివర బ్లేడు గిర్రున తిరుగుతుండగా, చెట్ల మధ్య గడ్డిని నరుక్కుంటూ పోతారు. ఆ మిషను పాతబడినప్పుడు గొట్టం వంగిపోతుంది, బ్లేడు అరిగిపోతుంది గాని ఇంజను మాత్రం ఇంకా కొన్నాళ్ళు పలుకుతూనే ఉంటుంది. ఆ మిగిలిపోయిన ఇంజను మీద ఇప్పుడు మన యౌవనస్థుల కన్ను పడింది. దానిని నాలుగు చిన్న చక్రాల బండికి బిగించి, తామే నడుపుకోవాలని వారి ఆశ.

గడచిన రెండు వేసవులలో, సెలవుల బైబిలు పాఠశాల ముగిసిన తరువాత, మేము తిరిగే సంఘాలలో ఇటువంటి బండ్లు మూడు తయారగుట చూచాము. ఒకటి ఎన్నడూ కదలలేదు. ఒకటి కదిలింది గాని ఆగలేదు. గొడ్ల సావిడి గోడ దానిని ఆపింది. దేవుని దయవలన నడిపే కుర్రవాడికి మోకాలి చిప్ప గీరుకుపోవుట తప్ప మరేమీ కాలేదు. మూడవది చక్కగా నడుస్తున్నది. పిల్లలు దీనిని గో కార్టు అంటారు. పెద్దలకు మాత్రం అది "ఆ డబ్బా బండి".

తల్లిదండ్రులు మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, వీడు పుస్తకం మూసేసి ఇనుప ముక్కలు ఏరుకుంటున్నాడు, మీరైనా కాస్త గడ్డి పెట్టండి" అంటున్నారు. ఇది గడ్డి పెట్టవలసిన సంగతి కాదని మా అభిప్రాయం. నిర్గమకాండము 31వ అధ్యాయంలో బెసలేలును చూడండి. లోహపు పని, రాతి పని, చెక్క పని చేయుటకు కావలసిన నేర్పును దేవుడే అతనికి ఆత్మద్వారా ఇచ్చినట్లు అక్కడ వ్రాయబడియున్నది. ప్రసంగం చేసేవారికే వరములు ఉన్నవనుకొనుట మనకు అలవాటు. బోల్టు బిగించే చేతికి కూడా వరము ఉండవచ్చునని మన సంఘాలలో ఎంతమంది అనుకుంటున్నారు? అయితే ఇంజను ఆట వస్తువు కాదు. దాని సంగతి తెలిసిన పెద్దవాడొకడు పిల్లవాని ప్రక్కన కూర్చోవాలి. అందుకోసమే, మేము చూచి, మేస్త్రీలను అడిగి తెలుసుకొన్న సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము.

ఎక్కడ పుట్టింది?

ఈ బండి పుట్టిల్లు అమెరికాలోని కాలిఫోర్నియా. ఆర్ట్ ఇంగెల్స్ అను ఆయన కర్టిస్ క్రాఫ్ట్ అనే పందెపు కార్ల కార్ఖానాలో పనివాడు. 1956వ సంవత్సరంలో ఆయన తన స్నేహితుడు లూ బోరెల్లితో కలిసి, ఇనుప గొట్టాలు వంచి అతికి, నేలకు జానెడు ఎత్తున ఒక చిన్న బండి చేశాడు. దానికి ఆయన పెట్టిన ఇంజను ఏమిటనుకున్నారు? గడ్డి కోసే మిషన్ల కోసం తయారై, ఆ వ్యాపారం సాగక మిగిలిపోయిన వెస్ట్ బెండ్ అను చిన్న ఇంజను! పాసడీనా పట్టణంలోని రోజ్ బౌల్ అను ఆటల మైదానం ప్రక్కన, కార్లు నిలిపే ఖాళీ స్థలంలో దానిని నడిపి చూచారు. చూచినవారందరికీ అటువంటిది కావాలనిపించింది. గో కార్టు అనే పేరు తరువాత లిన్ వైన్‌లాండ్ అనే పత్రికా రచయిత పెట్టాడు. 1959లో మెకల్లాక్ అను కంపెనీ తన రంపపు మిషను ఇంజనునే కొద్దిగా మార్చి, ప్రత్యేకంగా ఈ బండ్ల కోసమే అమ్మడం మొదలుపెట్టింది. ఈనాడు కోట్ల రూపాయల పందెపు కార్లు నడిపేవారిలో చాలామంది బాల్యంలో ఈ బుల్లి బండి మీదనే చెయ్యి తిప్పుకొన్నవారు. కాబట్టి మన పల్లె కుర్రవాడు పనికిరాని ఇంజను మీద చెయ్యి వేయుట కొత్తగా పుట్టిన పిచ్చి కాదు. ఆ బండి మొదటి నుండీ అలాగే పుట్టింది.

ఏ ఇంజను?

అన్ని గడ్డి ఇంజనులూ దీనికి పనికిరావు. పచ్చిక బయళ్ళపై చక్రాలమీద తోసుకుంటూ పోయే మిషను ఒకటున్నది. కాలేజీలలో, పెద్ద కంపెనీల తోటలలో చూడవచ్చు. దాని ఇంజను ఇరుసు క్రిందికి ఉంటుంది, బ్లేడు ఇంజను అడుగున తిరుగుతుంది. బండికి కావలసినది ప్రక్కకు ఉన్న ఇరుసు. "ఇంజనునే ప్రక్కకు పడుకోబెడితే సరి" అని ఒక తెలివైన కుర్రవాడు మాతో అన్నాడు. సరికాదు. లోపల ఆయిలు ఎక్కడ నిలవాలో, ఎక్కడ చిమ్మాలో ఆ నిలువు ఇరుసును బట్టి ఏర్పాటు చేసియుంటారు. ప్రక్కకు పడుకోబెడితే ఆయిలు ఒక ప్రక్కకు చేరిపోతుంది, కార్బురేటరులోని పెట్రోలు మట్టం తప్పుతుంది. కాసేపు నడిచినట్లే నడిచి పట్టేస్తుంది.

మన పల్లెల్లో దొరికేవి రెండు రకాలు. భుజాన తగిలించుకొనే గడ్డి మిషను ఇంజను మొదటిది. ఒకటి రెండు హార్సుపవరు మాత్రమే ఉంటుంది గాని, నిమిషానికి 7,000 చుట్లదాకా తిరుగుతుంది. చదును నేలమీద పిల్లవాణ్ణి మోస్తుంది. గట్టు ఎక్కమంటే మూలుగుతుంది. రెండవది పాత నీళ్ళ పంపు ఇంజను గాని, కలుపు తీసే చిన్న మిషను ఇంజను గాని. ఇది నిమిషానికి 3,600 చుట్లకు మించి తిరగకుండా గవర్నరు ఉంటుంది. బలం ఎక్కువ. బండికి ఇదే మేలు. కొనేముందు ఇరుసు చూసుకోవాలి. కొన్ని పంపు ఇంజనుల ఇరుసు చివర మరలు కోసి ఉంటుంది. పళ్ళ చక్రం కూర్చోవడానికి కీ గాడి ఉన్న సాదా ఇరుసు కావాలి. లేకపోతే లేతు పనికి మళ్ళీ ఖర్చు.

టూ స్ట్రోకు ఇంజనుకు ఆయిలు పెట్రోలులోనే కలపాలి. ఇంత ఆయిలుకు ఇంత పెట్రోలు అని ఇంజను కంపెనీవారు చెప్పిన లెక్కనే పాటించాలి. 25కు 1 అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు. 50కి 1 అంటే 20 మిల్లీలీటర్లు. "చూపు మేరకు పోశాను" అన్నవారి ఇంజను త్వరగా పోతుంది. ఫోర్ స్ట్రోకు ఇంజనుకు ఇలా కలపకూడదు. దాని ఆయిలు దాని కడుపులో వేరుగా ఉంటుంది. రెండిటికీ ఒకే సీసాలోనుండి పోసి ఒకదానిని పాడుచేసిన ఇండ్లు మాకు తెలుసు.

ఎరవు తెచ్చిన గొడ్డలి

ఇక్కడ ఒక కుటుంబం సంగతి చెప్పాలి. ఊరి పేరు, మనుష్యుల పేర్లు వద్దు. భర్త చనిపోయిన ఒక సహోదరి, డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకొని గడ్డి మిషను కొన్నది. ఇంటరు మధ్యలో మానేసిన ఆమె కొడుకు ఆ మిషనుతో తోటలకు కూలికి వెళ్ళేవాడు. ఇల్లు గడిచేది, వాయిదాలు కట్టేదీ దానిమీదనే. ఆ కుర్రవాడు మంచి పనివాడు. శనివారం రాత్రి దీపం దగ్గర కూర్చుని, మిషను గొట్టం నుండి ఇంజను విప్పి, తాను చేసిన బండికి బిగించాడు. ఆదివారం ఆడుకొని రాత్రికి మరల తగిలిస్తానని అతని లెక్క. ఆదివారం ఆరాధన వేళకే పట్టీ విరిగి ఇంజను క్రింద పడింది, కార్బురేటరు పగిలింది. సోమవారం మూడెకరాల తోటకు మాట ఇచ్చియున్నారు.

ఆ సాయంత్రం తల్లి మా ఇంటి మెట్లమీద కూర్చుని, "అయ్యగారూ, వాడు దొంగతనం చెయ్యలేదండి. మా మిషనే. అయినా నాకు దొంగతనం జరిగినట్టే ఉందండి" అన్నది. ఆ మాట మమ్మును చాలా ఆలోచింపజేసింది. రాజుల రెండవ గ్రంథం 6వ అధ్యాయంలో ప్రవక్తల శిష్యుడొకడు యొర్దాను ఒడ్డున మ్రాను నరుకుచుండగా గొడ్డలి ఊడి నీళ్ళలో పడింది. వాని దుఃఖమంతా అది ఎరవు తెచ్చినదనియే. ఇనుము పోయినందుకంటె, ఇచ్చినవానికి ఏమని జవాబు చెప్పాలన్నదే వానికి భారమైయుండవచ్చు. ఈ కుర్రవాని ఇంజను కూడా, ఇంట్లో ఉన్నదే అయినా, ఒక విధంగా ఎరవుదే. తల్లి అప్పుకు, చెల్లెలి బడికి, సోమవారం తోటకు అది ఎరవు.

మేము అతనిని పిలిచి ఈ మాటే చెప్పాము. అతడు తల వంచుకొని విన్నాడు, జవాబు చెప్పలేదు. తరువాత మూడు ఆదివారములు గుడికి రాలేదు. ఇంట్లో తల్లితో కూడా మాటలు తగ్గించాడట. మేము చెప్పినది న్యాయమే. కాని న్యాయం విన్నంత మాత్రాన కుర్రవాని చేతులలోని ఆశ చల్లారిపోదు గదా. ఆ ఆశను ఎక్కడ పెట్టాలో కూడా ఎవరైనా చూపించాలి.

చూపించినవాడు మా సంఘ పెద్దలలో ఒకాయన. బోర్లు రాకముందు వారి పొలంలో వాడిన పెట్రోలు పంపు ఒకటి ఏండ్ల తరబడి పశువుల కొట్టంలో పడియున్నది. ఆయన నాలుగవ ఆదివారం ఆ కుర్రవాని ఇంటికి వెళ్ళి, "ఒరే అబ్బాయ్, ఆ పంపు ఇంజను పలికించగలిగితే నీదే. కాని ముందు మీ అమ్మ మిషను బాగుచేసి పనిలో పెట్టాలి. రెండూ ఒకే రోజు ముట్టుకోకూడదు" అన్నాడు. పాత పంపు పలకడానికి రెండు నెలలు పట్టింది. ట్యాంకులో తుప్పు, ప్లగ్గు మీద మసి, వాల్వు పట్టేసియున్నది. టౌనులో వెల్డింగు షాపు నడిపే సాయిబుగారు సాయంత్రాలు అతనికి చోటిచ్చి, పనిముట్లు ఇచ్చి, డబ్బు అడగలేదు. మా పెద్దగారు వారానికొకసారి వెళ్ళి చూచి వచ్చేవారు. తల్లి మిషను కార్బురేటరు ఖర్చును కుర్రవాడు తన కూలిలోనుండి విడిచిపెట్టి తీర్చాడు. ఇంజను మొదటిసారి మ్రోగిన రాత్రి అతడు ముందుగా చెప్పినది తల్లికేనట. పైన మేము చెప్పిన మూడవ బండి ఇదే. ఇప్పుడు తోటలలో ఎవరి మిషనైనా ఆగిపోతే అతని కోసం కబురు వస్తున్నది.

లెక్క వేసుకొనుట

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనడా అని ప్రభువు అడిగిన సంగతి లూకా 14లో ఉన్నది. బండి కట్టేవాడు డబ్బు లెక్కతో పాటు పళ్ళ లెక్క కూడా చూచుకోవాలి. ఇంజను ఇరుసును నేరుగా చక్రానికి కలిపితే బండి ఎగిరిపోతుందని కొందరు పిల్లలు అనుకుంటారు. నిజానికి అది కదలనే కదలదు, ఇంజను ఆగిపోతుంది. వేగం తగ్గించి బలం పెంచాలి. అది చేసేది చిన్న పళ్ళ చక్రం, పెద్ద పళ్ళ చక్రం, మధ్య చైను.

లెక్క ఇలా వేయండి. ఇంజను ఇరుసుమీద 12 పళ్ళ చక్రం, వెనుక యాక్సిలు మీద 72 పళ్ళ చక్రం. అంటే ఇంజను 6 చుట్లు తిరిగితే యాక్సిలు ఒక చుట్టు. 3,600ను 6తో భాగిస్తే నిమిషానికి 600 చుట్లు. టైరు అడ్డుకొలత 25 సెంటీమీటర్లయితే దాని చుట్టుకొలత దాదాపు 78 సెంటీమీటర్లు. 600 చుట్లకు నిమిషంలో సుమారు 470 మీటర్లు, గంటకు 28 కిలోమీటర్లు. నేలకు అంత దగ్గరగా కూర్చున్నవానికి ఈ 28 చాలా వేగంగా తోస్తుంది. ఇంతకంటె అవసరం లేదు. వెనుక 36 పళ్ళ చక్రమే వేస్తే వేగం రెట్టింపై 56కు చేరుతుంది గాని, లాగే బలం సగమవుతుంది.

గడ్డి మిషను ఇంజనుకైతే 7,000 చుట్లు గనుక ఒక చైనుతో సరిపోదు. మధ్యలో మరొక చిన్న ఇరుసు పెట్టి రెండు దఫాలుగా తగ్గించాలి. నాలుగింట ఒకటి, మరల నాలుగింట ఒకటి, మొత్తం 16కు 1. అప్పుడు గంటకు 20 కిలోమీటర్లు వస్తుంది. మొదట చెప్పిన కదలని బండి ఈ లెక్క వేయకుండా చేసినదే. సండే స్కూలు టీచర్లు ఈ లెక్కను పిల్లలచేత పలకమీద వేయించి చూడండి; భాగహారమంటే పారిపోయేవాడు కూడా కూర్చుంటాడు.

క్లచ్చు తప్పనిసరి. ఇంజను మెల్లగా తిరుగుతున్నంతసేపు బండి నిలబడియుండాలి, వేగం పెంచినప్పుడే కదలాలి. దీనికి వాడేది విసురు క్లచ్చు. ఒక గిన్నె లోపల స్ప్రింగులతో బిగించిన రెండు మూడు ముక్కలుంటాయి. వేగం పెరిగితే అవి బయటికి విచ్చుకొని గిన్నెను పట్టుకుంటాయి, తగ్గితే స్ప్రింగులు వెనక్కు లాగేస్తాయి. కవ్వం త్రిప్పినప్పుడు మజ్జిగ కుండ అంచుకు ఎక్కుతుంది చూడండి, అదే సూత్రం. గడ్డి మిషనులో ఈ క్లచ్చు ముందే ఉంటుంది గనుక దానిని పారవేయకుండా ఇంజనుతో సహా తీసుకోవాలి. పంపు ఇంజనుకు వేరుగా కొనాలి.

ఇరుసు ఏ వైపు ఉండాలన్నది కూడా చూసుకోవాలి. ఇరుసు ఎదుట నిలబడి చూస్తే పంపు ఇంజనులలో ఎక్కువభాగం గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. అటువంటి ఇంజను ఇరుసు బండికి ఎడమ ప్రక్కకు ఉండాలి. కుడి ప్రక్కకు పెడితే బండి వెనక్కు నడుస్తుంది! అంతా వెల్డింగు చేసిన తరువాత ఈ సంగతి తెలిస్తే ఏడ్పు వస్తుంది.

చట్రం సంగతి వెల్డింగు మేస్త్రీకి తెలుసు, మేము చెప్పనక్కరలేదు. మంచి చదరపు పైపు వాడండి, తుప్పు పట్టిన మంచం పట్టీలు వద్దు. స్టీరింగు కడ్డీల నట్లకు చీలికె పిన్నులు పెట్టాలి. అదురుకు మామూలు నట్టు ఊడిపోతుంది.

పిట్టగోడ

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో ఒక ఆజ్ఞ ఉన్నది. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. ఎవడైనా అక్కడినుండి పడిపోతే ఆ రక్తాపరాధము ఆ ఇంటిమీదికి వస్తుంది. పడినవాడు జాగ్రత్తగా ఉండవలసినదని దేవుడు అక్కడ వాదించలేదు. కట్టినవానినే బాధ్యుని చేశాడు. బండి కట్టే మన పిల్లలకు ఈ వచనాన్ని కంఠత వేయించవలెనని మా కోరిక. చైనుమీది రేకు మూతే ఈ బండికి పిట్టగోడ.

తిరిగే చైను, తిరిగే యాక్సిలు దేనిని పట్టుకున్నా వదలవు. 2020 అక్టోబరులో హైదరాబాదు శివార్లలోని ఒక గో కార్టు ఆటస్థలంలో బి.టెక్. చదువుతున్న ఒక అమ్మాయి బండి నడుపుతుండగా, ఆమె జుట్టు చక్రంలో చిక్కుకొని, తలకు బలమైన దెబ్బ తగిలి మరణించింది. డబ్బు తీసుకొని ఆడించే చోటనే అలా జరిగితే, పెరటిలో చేసిన బండి మాట ఏమి చెప్పాలి? మన ఆడపిల్లలు కూడా ఎక్కుతామంటారు, ఎక్కనివ్వండి. కాని జడ ముడి వేసి హెల్మెట్టు లోపల పెట్టాలి. చున్నీ తీసి ఇంట్లో ఉంచాలి. మగపిల్లలు లుంగీతో ఎక్కకూడదు, మెడలో కండువా ఉండకూడదు. చెప్పులు కాదు, బూట్లు. చైనుకు, వెనుక యాక్సిలుకు, కాలే సైలెన్సరుకు మూడింటికీ రేకు మూతలు వేయనిదే ఇంజను స్టార్టు చేయవద్దు. సీటుకు, ఇంజనుకు మధ్య కూడా ఒక రేకు అడ్డం ఉండాలి. పెట్రోలు ట్యాంకు సైలెన్సరు మీదికి రాకూడదు.

బ్రేకు లేకుండా ఇంజను బిగించేవానిని మేము క్షమించలేము. ముందు బ్రేకు, తరువాత ఇంజను. బండిని తోసి, బ్రేకు పట్టుకుంటున్నదని చూచిన తరువాతే ఇంజను సంగతి. పాత మోపెడ్ డ్రమ్ము బ్రేకు యాక్సిలుకు అమర్చవచ్చు. బూటుతో నేలను రాచి ఆపుతామనుకొనేవాడు చీలమండ పోగొట్టుకొంటాడు. ఇంకొక మాట: వేగం రెండింతలైతే ఆగడానికి కావలసిన దూరం రెండింతలు కాదు, నాలుగింతలు. 28 కిలోమీటర్ల వేగంలో 8 మీటర్లలో ఆగే బండి, 56 వేగంలో 32 మీటర్లు పోతుంది. అందుకే పెద్ద పళ్ళ చక్రమే మేలు అన్నాము. కొందరు కుర్రవాళ్ళు గవర్నరు విప్పేస్తే ఇంజను ఇంకా పరుగెడుతుందని చెప్పుకుంటున్నారు. పరుగెడుతుంది, నిజమే. ఆ తరువాత కనెక్టింగు రాడ్డు విరిగి ఇంజను గోడను పగులగొట్టుకొని బయటికి రావచ్చు. గవర్నరును ముట్టుకోనివ్వకండి.

ఇంజనును తక్షణమే ఆపే స్విచ్చి నడిపేవాని చేతికి అందేలా ఉండాలి. ఈ చిన్న ఇంజనులకు నిప్పురవ్వ ఇచ్చేది బ్యాటరీ కాదు, చక్రంతోబాటు తిరిగే అయస్కాంతం. కాయిలు నుండి వచ్చే సన్నని తీగను ఇంజను ఇనుముకు తగిలిస్తే రవ్వ ఆగుతుంది, ఇంజను ఆగుతుంది. కాబట్టి ఆ తీగకు ఒక చిన్న స్విచ్చి పెడితే చాలు, ఖర్చు బహు తక్కువ. ఎక్సలేటరు వదలగానే దానంతటదే వెనక్కు వచ్చేలా గట్టి స్ప్రింగు కూడా ఉండాలి.

ఈ బండికి పైన పంజరం ఉండదు గనుక సీటు బెల్టు కట్టకూడదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని కారణమున్నది. బండి బోర్లాపడితే పంజరం లేనిచోట బెల్టు మనిషిని దాని క్రిందనే కట్టిపడేస్తుంది. బోర్లా పడకుండా బండి వెడల్పుగా, నేలకు దగ్గరగా ఉండాలి.

ఎక్కడ నడపాలి?

రోడ్డుమీద మాత్రం కాదు. పంచాయతీ సిమెంటు రోడ్డు కూడా రోడ్డే. ఈ బండికి రిజిస్ట్రేషను ఉండదు, ఇన్సూరెన్సు ఉండదు. లారీ డ్రైవరుకు ఆ ఎత్తులో కూర్చున్న పిల్లవాడు కనబడడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, పదునెనిమిదేండ్లు నిండనివాడు బండి నడిపి ఆ చట్టం క్రింద నేరం చేస్తే, తండ్రికి గాని సంరక్షకునికి గాని మూడేండ్ల వరకు జైలు, ఇరవై ఐదు వేల రూపాయల జరిమానా ఉన్నది. "మా వాడు సెంటరు దాకానే వెళ్ళాడండి" అంటే కోర్టు వినదు. పంట కోసిన తరువాత చదునైన చేను, ఖాళీ కళ్ళం, సెలవు రోజులలో పెద్దల అనుమతితో బడి మైదానం ఇవి మేలు. గుడి ఆవరణలో నడుపుకుంటామని మా పిల్లలు అడిగారు. గేటు వేసి, చిన్నపిల్లలను మెట్లమీద కూర్చోబెట్టి, ఒక పెద్దవాడు నిలబడితే సరే అన్నాము. ప్రార్థన వేళలలో కాదు. చూచేవారు మలుపు దగ్గర నిలబడకూడదు. బండి అదుపు తప్పేది ఎక్కువగా అక్కడే.

కొట్టంలో, గదిలో తలుపులు వేసి ఇంజను నడిపి చూడకండి. పొగలోని విషవాయువుకు వాసన లేదు. తలనొప్పి అనుకొనేలోపల మనిషి పడిపోతాడు. వేడిగా ఉన్న ఇంజనులో పెట్రోలు పోయకండి, పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి. పెట్రోలును మంచినీళ్ళ సీసాలలో ఉంచే అలవాటు మన ఇండ్లలో ఉన్నది. ఎండలో ఆడి వచ్చిన చిన్నపిల్లవాడు దాహంతో ఎత్తి త్రాగుతాడు. మూత బిగుతుగా ఉండే డబ్బా వేరుగా కొని, ఎత్తున పెట్టండి.

ప్రతిసారి నడిపేముందు చేతితో చైను నొక్కి చూడండి. బొటనవ్రేలి వెడల్పుకు మించి ఊగితే వదులైనట్లు. నట్లన్నీ పానాతో ఒకసారి తడిమి చూడండి. కొత్తగా అతికిన అతుకుల దగ్గర సన్నని గీత కనిపిస్తే నడపకండి. వర్షాలు మొదలై బండి మూల పెట్టేటప్పుడు ట్యాంకులోని పెట్రోలు తీసివేసి, కార్బురేటరు ఖాళీ అయ్యేదాకా ఇంజనును నడిపి ఆపండి. నెలల తరబడి నిలిచిన పెట్రోలు జిగురై సన్నని రంధ్రాలు పూడిపోతాయి. ప్లగ్గు విప్పి లోపల నాలుగు చుక్కలు ఆయిలు వేసి, తాడు మెల్లగా రెండుసార్లు లాగి, ప్లగ్గు మరల బిగించి, గోనె కప్పి ఉంచితే సంక్రాంతి సెలవులకు మొదటి లాగుకే పలుకుతుంది.